అవ్వోళ్ల ఊరి ఎండాకాలం

ఆంధ్రప్రదేశ్‌లో బడులకు ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులిస్తారు, జూన్ 12న మళ్లీ తెరుస్తారు. నడుమ దాదాపు ఏడు వారాలు. ఈ ఏడు వారాల్లో గుంటూరు–గుంతకల్లు రైలుమార్గం మీద మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు స్టేషన్లలో పిల్లలు సంచులతో దిగుతుంటారు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, గుంటూరు నుంచి వస్తారు. నల్లమల అవతల ఉన్న నంద్యాల, కర్నూలు వైపు నుంచీ వస్తారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు కర్నూలు జిల్లాలోనివే కాబట్టి కొండకు రెండు పక్కలా చుట్టరికాలు ఈనాటికీ అల్లుకునే ఉన్నాయి. వచ్చిన పిల్లలు అవ్వ (అమ్మమ్మ) దగ్గరో, జేజి (నానమ్మ) దగ్గరో, మేనమామ ఇంట్లోనో ఉంటారు. ఒక పిల్లవాడు పదేళ్లపాటు ఏటా వచ్చాడనుకుంటే అంతా కలిపి డెబ్బై వారాలు, అంటే ఏడాదీ నాలుగు నెలలు. అదే పదేళ్లలో బడికి పోయిన రోజులు రెండు వేలకు పైమాటే. అయినా నలభై యాభై ఏళ్లు వచ్చాక చిన్నతనం గురించి అడిగితే ఎంతోమంది నోట ముందుగా వచ్చేది ఆ డెబ్బై వారాల సంగతే. తక్కువ కాలం ఇంత ఎక్కువ చోటు ఎలా ఆక్రమించింది? దానికి కుటుంబ బంధాలతో ఉన్న సంబంధమేమిటి? జ్ఞాపకశక్తి మీద గత నూట నలభై ఏళ్లుగా జరిగిన పరిశోధన ఈ ప్రశ్నలకు చాలావరకు జవాబు ఇస్తుంది.

ఆ రోజులు హాయిగా గడిచాయి కాబట్టి గుర్తున్నాయి అన్నది ఎవరికైనా వెంటనే తోచే జవాబు. బడి లేదు, హోంవర్కు లేదు, అడిగిందల్లా పెట్టే అవ్వ ఉంది. ఇందులో నిజం లేకపోలేదు. కానీ హాయిగా గడిచిన రోజులన్నీ గుర్తుండవు. చిన్నప్పుడు ఒకే ఒక్కసారి వెళ్లిన తీర్థయాత్ర, ఒక్కసారి చూసిన సర్కస్, ఘనంగా జరిపిన నాలుగో పుట్టినరోజు చాలామందికి ఫొటో చూస్తే తప్ప తలపుకు రావు. సంతోషమే కారణమైతే అవీ నిలవాలి కదా. నేను ఇక్కడ వాదించబోయేది ఇది: అవ్వోళ్ల ఊరి వేసవులు నిలవడానికి అసలు కారణం మూడు పనులు ఒకేచోట జరగడం. ఏటా అదే ఇంటికి తిరిగి రావడం, అక్కడ ఏటా అదే తోటిపిల్లలు దొరకడం, జరిగినదాన్ని పెద్దలూ పిల్లలూ కలిసి పదేపదే చెప్పుకోవడం. ఈ మూడూ కలిసినప్పుడే జ్ఞాపకం గట్టిపడుతుంది. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లల మధ్య బంధమూ అప్పుడే ముదురుతుంది. సంతోషం దీనికి తోడ్పడుతుంది, అంతవరకే.

ముందు కొత్తదనం సంగతి చూద్దాం, ఎందుకంటే దాని పాత్రను తోసిపుచ్చలేం. మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం ఏ సంఘటన ఎక్కడ, ఎప్పుడు జరిగిందో కలిపి కట్టే పని చేస్తుంది. కొత్త చోటు, కొత్త మనుషులు ఎదురైనప్పుడు మెదడులో డోపమిన్ విడుదల పెరిగి, ఆ ముందూ వెనకా జరిగిన మామూలు విషయాలు కూడా నిలదొక్కుకోవడానికి వీలు కలుగుతుంది. ఫ్రే, మోరిస్ అనే శాస్త్రవేత్తలు 1997లో నాడీకణాల స్థాయిలో దీనికి పునాది చూపించారు. 2013లో అర్జెంటీనాలో బడిపిల్లల మీద ఒక ప్రయోగం జరిగింది. పిల్లలకు ఒక కథ వినిపించి, దానికి గంట ముందో గంట తర్వాతో వాళ్లకు అలవాటు లేని కొత్త తరహా పాఠం ఒకటి పెట్టారు. మర్నాడు అడిగితే, కొత్త పాఠం విన్న పిల్లలకు కథ మెరుగ్గా గుర్తుంది. నాలుగు గంటల ఎడం వచ్చినప్పుడు ఆ మేలు కనబడలేదు. హైదరాబాదులో అపార్టుమెంటు మూడో అంతస్తులో పెరుగుతున్న పిల్లకు గిద్దలూరు పక్క పల్లె ఇలాంటి కొత్త పాఠమే: నాపరాళ్లు పరిచిన ఇల్లు, రాత్రి పడకకు ఎక్కే మిద్దె, ఎండిన సగిలేరు ఇసుక, పడమట గోడలా నిలబడిన నల్లమల. అడవి నుంచి తెచ్చి అంగట్లో కుప్పలుగా పోసి అమ్మే తునికిపండు మొదటిసారి కొరికినప్పుడు నాలుకకు తగిలే వగరు ఆ పిల్ల ఎరిగిన రుచుల్లో దేనికీ దగ్గరగా ఉండదు.

కొత్తదనం జ్ఞాపకాన్ని పుట్టిస్తుంది. పుట్టినదాన్ని పెంచి పెద్ద చేయడం దానివల్ల కాదు. పసితనపు జ్ఞాపకాలకు ఒక గండం ఉంది. అమెరికాలో ప్యాట్రిషియా బావర్, మరీనా లార్కినా 2014లో ప్రకటించిన అధ్యయనంలో, మూడేళ్ల పిల్లలతో వాళ్ల జీవితంలోని సంఘటనల గురించి మాట్లాడించి రికార్డు చేసి, ఆ తర్వాత వేర్వేరు వయసుల్లో మళ్లీ అడిగారు. అయిదు, ఆరు, ఏడేళ్ల వయసులో ఆ సంఘటనల్లో అరవై శాతానికి పైగా గుర్తున్నాయి. ఎనిమిది, తొమ్మిదేళ్లకు వచ్చేసరికి గుర్తున్నవి నలభై శాతం లోపే. అంటే ఏడేళ్లు నిండుతుండగా మూడేళ్లనాటి ముచ్చట్లు చాలావరకు జారిపోతున్నాయి. ఈ గండం గట్టెక్కించేది మళ్లీ తగలడం. క్యారొలిన్ రోవీ-కొలియర్ శిష్యబృందం ఆరునెలల పాపలకు మీట నొక్కితే బొమ్మరైలు కదులుతుందని నేర్పింది. మామూలుగా ఆ పాపలు రెండు మూడు వారాల్లో దాన్ని మరిచిపోతారు. కానీ నెలల ఎడంతో అప్పుడప్పుడు క్లుప్తంగా గుర్తుచేస్తూ పోతే, ఆరునెలలప్పుడు నేర్చినది రెండేళ్ల వయసు దాకా నిలిచింది. ఇంకా మాటలు రాని పిల్లల్లోనే ఇంత తేడా కనిపించింది. నాలుగేళ్లప్పుడు చూసిన బావిని అయిదులో, ఆరులో, ఏడులో మళ్లీ చూసిన పిల్లవాడికి ఆ బావి మరపు గండాన్ని దాటేస్తుంది.

ఎడం ఇచ్చి మళ్లీ తగిలిస్తే జ్ఞాపకం గట్టిపడుతుందన్నది మనోవిజ్ఞానంలో అతి పాత, అతి దృఢమైన ఫలితాల్లో ఒకటి. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తనమీద తానే ప్రయోగాలు చేసుకుని ఈ సంగతి రాశాడు. 2008లో సెపెడా, ఆయన సహచరులు వెయ్యిమందికి పైగా మనుషుల మీద చేసిన పరీక్షల్లో ఇంకో మెట్టు పైకి వెళ్లారు. ఎంత దీర్ఘకాలం గుర్తుండాలో, మళ్లీ చదవడానికి అంత ఎక్కువ ఎడం వదలడం మేలని తేలింది. ఒక్క రాత్రి గుర్తుండాలంటే గంటల ఎడం చాలు, ఏళ్ల తరబడి గుర్తుండాలంటే నెలల ఎడం కావాలి. మనుషుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. బారిక్ దంపతులు, విట్లింగర్ 1975లో 392 మంది పాత విద్యార్థులకు హైస్కూలు నాటి ఫొటోలు చూపించారు. బడి వదిలి 35 ఏళ్లు గడిచినవాళ్లు కూడా పదింట తొమ్మిది ముఖాలను గుర్తుపట్టారు. నాలుగేళ్లపాటు, సెలవులతో ఎడంపడుతూ, మళ్లీ కలుస్తూ చూసిన ముఖాలవి. అవ్వోళ్ల ఊరి వరసా ఇదే: పదిన్నర నెలల ఎడం, నెలన్నర కలయిక, మళ్లీ పదిన్నర నెలల ఎడం. జీవితకాలం నిలవాల్సిన జ్ఞాపకానికి ఎవరైనా కావాలని పద్ధతి వేసినా ఇంతకంటే మెరుగ్గా వేయలేరు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. మళ్లీ మళ్లీ తగలడమే మందు అయితే, రోజూ తగిలే బడి ఎందుకు అంతగా గుర్తుండదు? జవాబు ఎడంలోనే ఉంది. రోజూ ఒకే బెంచీ మీద జరిగే రెండు వందల రోజులు ఒకదానిమీదొకటి పేరుకుని, వేటికీ విడి గుర్తులు లేక ఒకే ముద్దగా మారతాయి. వేసవికి మాత్రం స్పష్టమైన మొదలు, స్పష్టమైన కొస ఉన్నాయి. రైలు దిగడంతో మొదలై రైలెక్కడంతో ముగుస్తుంది. పైగా పిల్లవాడు ప్రతిసారీ ఒక ఏడాది ఎదిగి వస్తాడు. పోయినేడు అందని కిటికీ ఈ ఏడు అందుతుంది, పోయినేడు ఎవరో ఎక్కించిన వేపచెట్టు ఈ ఏడు తానే ఎక్కుతాడు. ఇల్లు మారకపోవడం వల్లే తాను మారినట్టు తెలుస్తుంది. హిప్పోక్యాంపస్‌లో చోటును బట్టి స్పందించే కణాలున్నాయని జాన్ ఓకీఫ్ 1971లో కనుక్కున్నాడు; ఆ పనికి మోజర్ దంపతులతో కలిపి 2014లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. మన జ్ఞాపకాలు చోటును పట్టుకుని ఎంత వేలాడతాయో ఆ పని తర్వాతే స్పష్టపడింది. ఏ సంగతి ఏ సంవత్సరం జరిగిందో పెద్దయ్యాక కలగాపులగం అవుతుంది, నిజమే. రెండు మూడు వేసవులు కలిసి ఒకటిగా అనిపిస్తాయి. అందువల్ల పోయేది తేదీ మాత్రమే. చోటు, మనిషి, వాసన పదిలంగా ఉంటాయి.

వాసన గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. మిగతా ఇంద్రియాల కబురు థాలమస్ మీదుగా మెదడు పైపొరకు చేరితే, వాసన కబురు ముక్కు పైభాగం నుంచి ఘ్రాణకందానికి, అక్కడి నుంచి ఉద్వేగానికి సంబంధించిన అమిగ్డలాకు, దాని పొరుగునే ఉన్న జ్ఞాపకభాగాలకు అడ్డదారిన చేరుతుంది. స్వీడన్‌లో విలాండర్, లార్సన్ 2006లో వృద్ధులకు కొందరికి మాటలు, కొందరికి బొమ్మలు, కొందరికి వాసనలు ఇచ్చి ఏం గుర్తొచ్చిందో చెప్పమన్నారు. మాటలకు, బొమ్మలకు గుర్తొచ్చినవి ఎక్కువగా పదకొండు నుంచి ఇరవై ఏళ్ల మధ్యవి. వాసనకు గుర్తొచ్చినవి పదేళ్ల లోపువి. మన ప్రాంతంలో వేసవే వాసనల కాలం. మే నెలలో ఆవకాయ కలిపే రోజు ఇంట్లో ముక్కలు కొట్టే కత్తిపీట చుట్టూ పిల్లలను రానివ్వరు. కానీ ఆవపిండి ఘాటు, మామిడి జీడి వగరు వాసన, నూనె, కొత్త కారం కలిసి గది గదికీ పాకుతాయి. జాడీలోకి ఎత్తాక బేసిన్‌కు అంటుకున్న పిండిలో వేడన్నం కలిపి ముద్దలు చేసి, వరసగా కూచున్న పిల్లల చేతుల్లో పెడతారు. ముక్కు కారుతుంటే, కళ్లవెంట నీళ్లొస్తుంటే పోటీపడి తింటారు. ఘాటైన వాసన, కొద్దిపాటి కారపు బాధ, తోటివాళ్ల నవ్వు ఒకే క్షణంలో కలుస్తాయి. ఉద్వేగం కలిగినప్పుడు విడుదలయ్యే నోరెడ్రినలిన్ అమిగ్డలా ద్వారా జ్ఞాపకాన్ని బలపరుస్తుందని జేమ్స్ మెగా దశాబ్దాల పరిశోధనతో చూపించాడు. ఏటా ఒకసారి, అదే ఇంట్లో, అదే వాసనతో ఈ పని మళ్లీ జరుగుతుంది.

పశ్చిమ ప్రకాశంలో మే నెల ఎండ 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండ రోజును రెండుగా చీలుస్తుంది. పొద్దున పది దాటాక సాయంత్రం దాకా పిల్లలు ఇంట్లోనే ఉండాలి. బారాకట్ట, పులిజూదం, గచ్చకాయలు, తగవులు, అలకలు, ఆ తర్వాత ఒక కునుకు. ఆ కునుకు వృథా కాదు. మధ్యాహ్నం నిద్రపోయిన చిన్నపిల్లలు పొద్దున నేర్చినదాన్ని మెరుగ్గా నిలుపుకుంటారని 2013లో అమెరికాలో చేసిన ప్రయోగం చెప్పింది. ఎండ పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి ఒకరి ముఖం ఒకరు చూసేలా చేస్తుంది. వేరే దారి లేని ఈ సహవాసం మైదానంలో ఆడే ఆటకంటే ఎక్కువ మాటలు పుట్టిస్తుంది.

మాటలే ఈ వాదనకు ఆయువుపట్టు. రాత్రి మిద్దె మీద నీళ్లు చల్లి, చాపలు పరిచి అందరూ పడుకున్నాక అవ్వ అడుగుతుంది: పోయినేడు కంభం చెరువుకు పోయినప్పుడు ఎవర్రా చెప్పులు నీళ్లలో వదిలేసింది? ఒకడు తాను కాదంటాడు, ఇంకొకతె వాడేనంటుంది, మూడోవాడు కట్టమీద ఐసు అమ్మినాయన సంగతి ఎత్తుతాడు. పెద్దలు ఇలా వివరాలు రాబడుతూ, "తర్వాతేమైంది, నీకేమనిపించింది" అని అడిగే ఇళ్లలో పిల్లలకు జ్ఞాపకాలు ముందే మొదలవుతాయి, ఎక్కువకాలం నిలుస్తాయి. రాబిన్ ఫైవుష్, ఎలైన్ రీస్ మూడు దశాబ్దాలకు పైగా చేసిన పనిలో తేలిన ముఖ్యాంశమిది. తల్లులకు ఇలా మాట్లాడటం నేర్పించి చూసిన ప్రయోగాల్లో పిల్లల జ్ఞాపకాలు మెరుగుపడ్డాయి కాబట్టి దీన్ని కేవలం యాదృచ్ఛిక సంబంధమని కొట్టిపారేయలేం. 2000లో న్యూజిలాండ్‌లో జరిగిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. అక్కడి ఐరోపా సంతతివాళ్ల మొట్టమొదటి జ్ఞాపకం సగటున మూడున్నరేళ్ల వయసుది అయితే, మూలవాసులైన మావోరీలది దాదాపు రెండేళ్ల ఎనిమిది నెలలది. పూర్వుల కథలు, కుటుంబ కథలు చెప్పుకోవడం మావోరీ సంస్కృతిలో బలంగా ఉండటమే ఇందుకు కారణమని పరిశోధకులు భావించారు. మన మిద్దెల మీద జరిగిందీ అదే తరహా పని, దానికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, అంతే.

అయితే కలిసి చెప్పుకునే జ్ఞాపకం నిజమేనా అని అడిగేవాళ్లున్నారు, వాళ్ల ప్రశ్న న్యాయమైనది. ఎలిజబెత్ లాఫ్టస్, జాక్విలిన్ పికరెల్ 1995లో 24 మందికి వాళ్ల ఇంటివాళ్లు చెప్పారంటూ, చిన్నప్పుడు దుకాణాల సముదాయంలో తప్పిపోయిన కట్టుకథను మూడు నిజమైన కథలతో కలిపి ఇచ్చారు. ఆరుగురు ఆ కట్టుకథను పూర్తిగానో కొంతగానో తమ జ్ఞాపకమేనని చెప్పారు. 2000లో నాడర్, షేఫ్, లెడూ ఎలుకల మీద చేసిన ప్రయోగం, గుర్తుకు తెచ్చుకున్నప్పుడు జ్ఞాపకం కాసేపు మెత్తబడి మళ్లీ గట్టిపడుతుందని చూపింది. మార్కాపురం గనుల నుంచి దేశమంతా పోయిన బడిపలక లాంటిది జ్ఞాపకం; చెరిపి రాసిన ప్రతిసారీ అక్షరం కొత్తదే. కనుక చెరువులో చెప్పులు వదిలింది నిజంగా ఎవరో మిద్దె మీది సభ తేల్చలేకపోవచ్చు, తప్పు తీర్పే ఏళ్ల తరబడి నిజంగా చలామణీ కావచ్చు. దీన్ని నేను ఒప్పుకుంటాను. ఆస్తి తగాదాలకు, పాత పగలకు కుటుంబ జ్ఞాపకాన్ని సాక్ష్యంగా వాడకూడదని కూడా అంటాను. కానీ బంధానికి కావలసింది వివరాల కచ్చితత్వం కాదు. "మనమంతా అక్కడ ఉన్నాం" అన్నదే దానికి పునాది, ఆ పునాది మీద అబద్ధం చాలా అరుదు. పైగా నలుగురు కలిసి చెప్పుకునేచోట ఒకరి పొరపాటును ఇంకొకరు పట్టుకునే అవకాశమైనా ఉంటుంది.

ఇప్పుడు బంధం దగ్గరికి వద్దాం. ఫలానావాడు మనవాడని మెదడు ఎలా గుర్తిస్తుంది? లీబర్‌మన్, టూబీ, కాస్మిడీస్ 2007లో నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశోధన ప్రకారం, తోబుట్టువుల కోసం త్యాగం చేయాలనే మనసు, వాళ్లతో లైంగిక సంబంధం పట్ల విముఖత రెండూ చిన్నప్పుడు ఒకే కప్పు కింద ఎన్నేళ్లు గడిపారన్నదాన్ని బట్టి పెరుగుతాయి. పుట్టుకతో వచ్చే రక్తసంబంధాన్ని మెదడు నేరుగా చూడలేదు. కలిసి తినడం, కలిసి పడుకోవడం, ఒకే పెద్దల చేత తిట్లు తినడం వంటి ఆనవాళ్లను లెక్కేసుకుంటుంది. వేసవి సెలవులు పెద్దమ్మ, చిన్నమ్మ పిల్లలకు, పెదనాన్న, చిన్నాన్న పిల్లలకు ఆ లెక్కలో కొన్ని నెలలు కలుపుతాయి. కలిసి పని చేయడం ఇంకా బలమైన ఆనవాలు. 1954లో ముజఫర్ షెరీఫ్ అమెరికాలోని ఓక్లహోమాలో 22 మంది అబ్బాయిలతో వేసవి శిబిరం పెట్టి, వాళ్లను రెండు జట్లుగా విడదీసి పోటీలు పెడితే కొట్లాటల దాకా పోయింది. కలిసి భోజనం పెట్టినా, సినిమా చూపించినా పగ తగ్గలేదు. మంచినీళ్ల ట్యాంకు నుంచి నీళ్లు రాకుండా చేసి, రెండు జట్లూ కలిస్తే తప్ప సమస్య తీరని పరిస్థితి కల్పించినప్పుడు తగ్గడం మొదలైంది. నిర్వాహకులే తెరవెనక పరిస్థితులను నడిపించారన్న విమర్శ ఆ ప్రయోగం మీద ఉంది, అది సరైనదే. అయినా అందులోని పాఠం పశ్చిమ ప్రకాశానికి కొత్తేమీ కాదు. భూగర్భజలంలో ఫ్లోరైడు, వేసవిలో ఎండిన బోర్లు, వీధిలోకి వచ్చే ట్యాంకరు. ఆ ట్యాంకరు దగ్గర బిందెలు వరసపెట్టి కాపలా కాసి, ఇద్దరిద్దరు కలిసి మోసిన పిల్లలకు షెరీఫ్ శిబిరం అక్కర్లేకపోయింది. కరవును నేను గొప్ప చేయడం లేదు, ఆ నీళ్ల కష్టం తీరాల్సిందే. పిల్లలకు కలిసి చేసే నిజమైన పని ఇవ్వాలన్నదే ఇక్కడి విషయం.

దీనికి మన సమాజం నుంచే ఒక ఆక్షేపణ రావచ్చు. కలిసి పెరిగితే తోబుట్టువుల భావం వస్తుందంటున్నారు, మరి మేనరికాల సంగతేమిటి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి చుట్టాల మధ్య పెళ్లిళ్లు నేటికీ నాలుగింట ఒకటి దాకా ఉన్నాయి. ఒకే మిద్దె మీద పడుకున్న మేనమామ కూతురు, మేనత్త కొడుకు పెద్దయ్యాక పెళ్లి చేసుకుంటున్నారు కదా! దీనికి జవాబు తైవాన్‌లో దొరుకుతుంది. అక్కడ పసిగుడ్డుగా ఉన్నప్పుడే కోడలిగా తెచ్చుకుని కొడుకుతో పాటు పెంచిన అమ్మాయిల పెళ్లిళ్లను ఆర్థర్ వుల్ఫ్ అధ్యయనం చేశాడు. ఆ జంటలకు పిల్లలు తక్కువ, విడాకులు ఎక్కువ. అమ్మాయి మూడేళ్ల లోపు ఆ ఇంటికి వచ్చినప్పుడు ఒకరి మీద ఒకరికి విముఖత మరీ గట్టిది. అంటే ఆ విముఖతకు పసితనం నుంచి ఎడతెగని సహవాసం కావాలి. ఏడాదికి నెలన్నర సహవాసం అంత దూరం పోదు. ఆత్మీయతను పెంచుతుంది, విముఖతను పుట్టించదు. పైగా ఎవరు అన్న, ఎవరు బావ అన్నది మనవాళ్లు పిల్లలకు మాటలు వచ్చిన రోజునే నేర్పేస్తారు. ఆ ఆత్మీయతను దగ్గరి పెళ్లికి దారిగా వాడుకోవడం మాత్రం వద్దు. పుట్టబోయే పిల్లలకు జన్యుసంబంధమైన జబ్బుల ముప్పు పెరుగుతుందని వైద్యశాస్త్రం స్పష్టంగా చెబుతోంది.

అవ్వ ఉండటం వల్లే ఇదంతా సాధ్యం. ఆడమనిషి కాన్పులు ఆగాక కూడా దశాబ్దాలు బతకడానికి కారణం మనవళ్లను సాకడమేనని క్రిస్టెన్ హాక్స్ బృందం టాంజానియాలోని హడ్జా తెగను గమనించి ప్రతిపాదించింది. గాంబియా పల్లెల్లో 1950 నుంచి 1974 దాకా సేకరించిన వివరాలను రెబెక్కా సియర్, రూత్ మేస్ విశ్లేషిస్తే, తల్లి తల్లి బతికి ఉన్న చంటిపిల్లలు బతికి బట్టకట్టే అవకాశం ఎక్కువని తేలింది. తండ్రి తల్లి ఉంటే ఆ తేడా కనిపించలేదు. ఇది ప్రపంచమంతటా ఒకేలా లేదు, జేజిలు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. కానీ మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లో జరిగే ఆచారం వల్ల చాలామంది పిల్లలకు అవ్వోళ్ల ఇల్లు పుట్టిన ఇల్లు కూడా. తల్లి అక్కడ కూతురిగా మారి కాస్త ఊపిరి పీల్చుకుంటుంది, పిల్లలు ఆమెను ఇంకో రూపంలో చూస్తారు.

ఇదంతా ఇల్లూ సెలవూ ఉన్నవాళ్ల ముచ్చటేనన్న విమర్శ అన్నిటికంటే బరువైనది. పశ్చిమ ప్రకాశం నుంచి హైదరాబాదుకు, బెంగళూరుకు, గుంటూరుకు కూలిపనులకు వలసపోయే కుటుంబాల్లో పిల్లలు ఏడాదంతా అవ్వతాతల దగ్గరే ఉండిపోతారు. వేసవి వస్తే వాళ్లే తల్లిదండ్రులను వెతుక్కుంటూ పని జరిగేచోటికి, రేకుల షెడ్డుకు పోతారు. అవ్వోళ్ల ఇంట్లో కూడా మగపిల్లలు ఆడుకుంటుంటే ఆడపిల్లలు అంట్లు తోమిన వేసవులున్నాయి. పైగా గడిచిన సెలవులు జరిగినప్పటికంటే తర్వాత ఎక్కువ తీయగా తోస్తాయని మిచెల్, థామ్సన్ 1997లో చూపించారు. ఇవన్నీ నిజాలే, వీటిని దాచి పల్లెను స్వర్గం చేసి చూపడం అన్యాయం. నా వాదన పల్లె గొప్పతనం మీద నిలబడలేదు. ఏటా కలవడం, అదే మనుషులతో కలవడం, కలిసి చెప్పుకోవడం ఎక్కడ జరిగినా పనిచేస్తాయి; ఆ రేకుల షెడ్డులోనూ పనిచేస్తాయి. వలసపిల్లలకు ఆ నెలన్నర తల్లిదండ్రులతో గడిచేలా చూడటం చదువుకు ఏమాత్రం తీసిపోని అవసరం. అమెరికాలో 1861లో కనెక్టికట్‌లో మొదలైన వేసవి శిబిరాల సంప్రదాయంలోనూ చాలామంది పిల్లలు ఏటా అదే శిబిరానికి, అదే స్నేహితుల దగ్గరికి తిరిగి వెళ్తారు. మన పట్టణాల్లో రెండు వారాలు ఈత, రెండు వారాలు చదరంగం నేర్పే సమ్మర్ క్యాంపులు ఆ విద్యలు నేర్పగలవు. వచ్చే ఏడు అదే పిల్లలు కనబడతారన్న హామీ ఇవ్వలేవు.

ఇక మనముందున్న చిక్కు తోటిపిల్లలే తగ్గిపోవడం. ఇంటికి నలుగురు పిల్లలున్న తరాలు రెండు నడిస్తే, ఒక పిల్లకు తల్లి వైపు పన్నెండుమంది, తండ్రి వైపు పన్నెండుమంది దాయాదులు, మేనరికపు వరసలు ఉంటారు. ఇంటికి ఇద్దరైతే రెండు వైపులా కలిపి నలుగురే. 1992–93 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలుంటే, 2019–21 సర్వేలో అది 1.7. ప్రపంచవ్యాప్తంగానూ ఇదే దారి. 65 ఏళ్ల స్త్రీకి 1950లో సగటున 41 మంది చుట్టాలు బతికి ఉంటే 2095 నాటికి 25 మందే ఉంటారని 2023లో జనాభా శాస్త్రవేత్తలు అంచనా వేశారు. పన్నెండుమంది ఉన్నప్పుడు ఎవరు ఎప్పుడు వచ్చినా ఆటకు జట్టు దొరికేది. ఇద్దరే ఉన్నప్పుడు ఒకరు మేలో, ఒకరు జూన్‌లో వస్తే ఇద్దరూ అవ్వ ఫోను చూస్తూ వెనక్కి పోతారు. ఒకప్పుడు తనంతట తాను జరిగిన కలయిక ఇప్పుడు పెద్దలు మాట్లాడుకుని కుదర్చాల్సిన పనిగా మారింది.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలను పంపండి, తోటిపిల్లలు ఉండే రోజుల్లోనే పంపండి, వచ్చే ఏడూ అదే ఇంటికి పంపండి. మీకు కుదిరిన నాలుగు రోజులు వెళ్లి రాత్రిపూట వాళ్ల మధ్య కూర్చుని పోయినేడు సంగతులు అడగండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల సెలవులు దాదాపు ఒకే తేదీల్లో వస్తాయి. కర్ణాటకలో ఏప్రిల్ రెండో వారం ప్రాంతంలో మొదలై మే చివరికి ముగుస్తాయి. బెంగళూరు పిల్లలకూ, హైదరాబాదు పిల్లలకూ, ఇక్కడి పిల్లలకూ కలిసొచ్చేది ఏప్రిల్ చివరి వారం నుంచి మే చివరి వారం దాకా, సుమారు నెల రోజులు. రైలు టికెట్లు అరవై రోజుల ముందే దొరుకుతాయి. ఫిబ్రవరి ముగిసేలోపు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని తేదీలు ఖాయం చేసుకోండి.